చల్లని ముల్లు

ఆమె మొగుడికి తన ముక్కంటే మహా గర్వం. చూడ్డానికి ఆ ముక్కు గొప్పగా ఏమీ ఉండదు. మధ్యలో కాస్త వంకర తిరిగి, చివర ఎర్రగా, ఎప్పుడూ దేన్నో వెతుకుతున్నట్టు ఉంటుంది. అయినా లారీల వాళ్ళలో అతనికి ముక్కు అనే పేరే స్థిరపడిపోయింది. బ్రేకు పట్టేసినా, బెల్టు కాలుతున్నా, ఎక్కడో ఏ రబ్బరు గొట్టమో చెమర్చినా, బానెట్ ఎత్తకముందే వాసన పట్టి చెప్పేస్తాడని ప్రతీతి. ఆ ప్రతీతిని పుట్టించిందీ, ఊరంతా తిప్పిందీ అతనేనని ఆమె అభిప్రాయం.

"ఇంట్లో పాలు మాడి గిన్నె నల్లబడినా ఈయన ముక్కుకి తెలీదు. లారీ కింద చుక్క నూనె పడితే మాత్రం నిద్దట్లోంచి లేచి కూర్చుంటాడు" అనేది నలుగురిలో.

అతను నవ్వి ఊరుకునేవాడు. దాంతో ఆమెకు ఇంకా ఒళ్ళు మండేది. దెప్పితే తిరిగి దెప్పే మొగుడు దొరక్కపోవడం కూడా ఒక దురదృష్టమే. సగం మాటలు వృథాగా పోతాయి.

సొంత లారీ కొన్నాకే వాళ్ళు ఉమ్మడి ఇంటినుంచి వేరుపడ్డారు. అంతకు ముందు అతను సొంత అన్న దగ్గర డ్రైవరు. పేరుకు తమ్ముడు, పనికి జీతగాడు. ఆ అన్నకు షెడ్డు నిండా లారీలున్నాయి, వాటన్నిటికంటే పొడుగైన నాలుకా ఉంది. ఆ ఇంట్లో ఉన్నన్నాళ్ళూ ఆమె వంటింటి గడప దాటితే చాలు, తోటికోడలు "ఎక్కడికమ్మా?" అని అడిగేది. ఆ అమ్మాలో ఎంత ప్రేమ ఉందో గిన్నెలు తోమేవాళ్ళకే తెలుస్తుంది. అందరూ తిన్నాక మిగిలింది తినడం, అందరూ మాట్లాడాక మిగిలితే మాట్లాడడం, ఇదీ అక్కడ ఆమె బతుకు. మాట్లాడడానికి ఏనాడూ ఏమీ మిగల్లేదు. లోపల ఊరిపోయిన ఆ మాటలన్నీ వేరుపడ్డాక మొగుడి నెత్తిన పడ్డాయి.

వాళ్ళు సామాను ఎక్కించుకుని బయల్దేరుతుంటే బావగారు గేటు మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. "బండి ఆగిన రోజున ఇక్కడికే వస్తార్లే. మీ గది అలాగే ఉంచుతాం" అన్నాడు. దయతో అన్నట్టే అన్నాడు. అందుకే ఆమెకు మరీ గుచ్చుకుంది. మళ్ళీ ఆ వంటింట్లో అడుగుపెడితే తన పేరు మార్చుకుంటానని ఆ రోజే ఒట్టు పెట్టుకుంది.

ఇప్పుడు ఆమె చోటు లారీలో, మొగుడి పక్క సీటు. టైల్స్ పెట్టెలు లెక్క చూసి ఎక్కించడం, పట్టా కప్పించి తాళ్ళు బిగించడం, కొండ మీది ఊళ్ళో దింపించి సంతకం పెట్టించుకోవడం అన్నీ ఆమె పనే. బండి నడపడమొక్కటే అతనికి వదిలేసింది. అది కూడా తను చెప్పినట్టు నడపాలనుకోండి.

లారీ పాతది, పైగా క్లచ్చి లేని ఆటోమేటిక్. తోటి డ్రైవర్లు దాన్ని చూసి "ఇది లారీయా, ఆడపిల్ల స్కూటరా?" అని ఎగతాళి చేసేవాళ్ళు. బండి మంచిదే, దాని గేర్‌బాక్సుకే కొండలంటే పడదు. ఎండాకాలంలో ఒకసారి ఎక్కుడులో ఉడికిపోయి కూర్చుంది. మెకానిక్ దాన్ని విప్పి, కాలిన ప్లేట్లు మార్చి, చేతులు తుడుచుకుంటూ చెప్పాల్సింది చెప్పాడు. "లోపలి ఆయిల్ వేడెక్కితేనే ఇది పోతుంది. ఆ వేడి చూపించే మీటరు ఈ బండికి కంపెనీవాడు పెట్టలేదు. బయట దొరుకుతుంది, పెట్టించుకోండి. ముల్లు ఎరుపు దగ్గరికి వస్తోందంటే పక్కకి తీసి ఆపెయ్యండి. మళ్ళీ కాలిందా, బాగుచెయ్యడానికి నాకేం మిగల్దు."

"నా ముక్కుండగా మీటరెందుకు?" అన్నాడు మొగుడు.

"మీ ముక్కు గేర్‌బాక్సులో దూరుతుందా?" అంది ఆమె. మీటరు ఆ సాయంత్రమే కొనేసింది.

మెకానిక్ చేతి నిండా పనుందనీ, వచ్చే వారం తెస్తే బిగిస్తాననీ అన్నాడు. ఆమె పెదవి విరిచింది. ఓ గుండ్రటి డబ్బా, ఓ సెన్సరు, నాలుగు తీగలు. దానికి వారం ఆగాలా? ఆమెకు తమ్ముడు లేడా?

తమ్ముడు ప్లంబరు. తనను తాను కొళాయిల డాక్టరునని చెప్పుకుంటాడు. వాడి చేతిలో పడ్డ కొళాయి మళ్ళీ కారిన పాపాన పోలేదన్న మాట నిజం. ఆ ఒక్క నిజాన్ని పట్టుకుని వాడు ప్రపంచంలో ప్రతి పనీ కొళాయి పనే అనుకుంటాడు. ఫ్యాను బిగించినా, సైకిలు బాగుచేసినా, ఏదో ఒకచోట కొళాయి మరలకు వాడే ఆ తెల్ల టేపు చుట్టందే వాడికి తృప్తి ఉండదు. ఒకసారి అమ్మ కళ్ళజోడు కాడకు కూడా చుట్టాడు. ఆమె వాణ్ణి ఏకాంతంలో వెధవా అని తిట్టేది. మొగుడి ముందు మాత్రం వాడు మేధావి. తమ్ముణ్ణి తిట్టే హక్కును ఆమె ఎవరికీ పంచిపెట్టలేదు.

సెలవు రోజు పొద్దున్నే వచ్చాడు, పనిముట్ల సంచీ భుజాన వేసుకుని. ఇంటి వెనక ఖాళీ స్థలంలో లారీ నిలబెట్టి, చక్రాలకు రాళ్ళు పెట్టారు. తమ్ముడు డబ్బా విప్పి మీటరు చేతిలో తిప్పి చూశాడు. గుండ్రటి ముఖం, కింద నీలం, మధ్యలో ఆకుపచ్చ, పైన ఎరుపు, సన్నటి తెల్లని ముల్లు. సెన్సరు చూసి మాత్రం వాడి మొహం చిట్లింది.

"దీనికి ఒకటే తీగేంటక్కా? కరెంటు పోవడానికొకటి, రావడానికొకటి ఉండాలి కదా. రెండోది ఇవ్వకుండా మిగుల్చుకున్నారు పిసినారి వెధవలు."

"బండికి రెండో తీగ ఇనప ఒళ్ళే బావా" అన్నాడు మొగుడు, బావమరిదిని బావా అని పిలిచే సరదా కొద్దీ. "హారనుకైనా లైటుకైనా అంతే. ఒక తీగ వస్తుంది, రెండోది బాడీ."

"సరే, విన్నాంలెండి" అంది ఆమె. "అంత తెలిసినవాళ్ళు మీరే కింద దూరొచ్చుగా."

అతను నవ్వి, స్పానర్లు అందించే పనిలో పడ్డాడు.

తమ్ముడు క్యాబిన్లో ముందు అద్దం పక్కనున్న స్తంభానికి మీటరు బిగించాడు. డ్యాష్‌బోర్డు కింద రంధ్రం చేసి, తీగ ఒరుసుకుపోకుండా రబ్బరు వాషరు తొడిగి, ఇంజను పక్కగా కిందికి దించాడు. పని శుభ్రంగానే ఉంది. తర్వాత గోనెపట్టా పరుచుకుని లారీ కిందికి పాకి, గేర్‌బాక్సు ఒంటికున్న చిన్న బిరడా విప్పాడు. ఎర్రటి ఆయిల్ సన్నగా మోచేతి మీదికి కారింది. వెంటనే కిందనుంచి చెయ్యి బయటికి చాపి, "అక్కా, టేపు" అన్నాడు, ఆపరేషన్ చేస్తున్నవాడిలా.

సెన్సరు మరల మీద టేపు చుట్టడం మొదలుపెట్టాడు. చుట్టాడు, చుట్టాడు, ఇంకా చుట్టాడు. ఇత్తడి మరలు కనపడకుండా పోయి, ఆ సెన్సరు కట్టు కట్టిన పసివాడి వేలిలా తయారైంది.

"అంత టేపు కావాలంటావా?" అన్నాడు మొగుడు వంగి చూస్తూ.

ఆమె ఆ మాట కోసమే కాచుకుని ఉన్నట్టు అందుకుంది. "మీ అన్నగారింట్లో కొళాయి కారే చప్పుడుకి నేను ఏళ్ళ తరబడి నిద్రపోలేదు. మావాడు బిగించింది ఒక్కటి కారిందని చూపించండి, అప్పుడు మాట్లాడండి. చుట్టరా, ఇంకో నాలుగు చుట్లు వెయ్యి."

వాడు వేశాడు. బిగించాడు. తుడిచి చూశాడు. ఒక్క చుక్క కారలేదు. 

బండి స్టార్టు చేస్తే మీటరు లోపల దీపం వెలిగింది. కాసేపటికి ముల్లు నీలంలో కొంచెం కదిలింది. వీధి చివరిదాకా తిప్పి తెచ్చారు. ముల్లు నీలం దాటలేదు. మొగుడు దాన్ని వేలితో తట్టి, "మరీ ఇంత చల్లగానా?" అన్నాడు.

"చల్లగా ఉంటే ఏడుస్తారేంటి? కాలిపోతుంటే బావుండేదా?" అంది ఆమె.

తమ్ముడు పొంగిపోయాడు. "నీ బండి కలకాలం చల్లగా ఉంటుందిలే అక్కా" అని దీవించి, తినాల్సింది తిని, పనిముట్లు కడగకుండా చల్లగా జారుకున్నాడు.

ఆ రోజునుంచి ఆమెకు ఆ ముల్లు ఒక ఆయుధమైంది. బండి ఎక్కగానే కొంగుతో మీటరు అద్దం తుడిచేది. మెకానిక్ ఎదురైతే, "వారం ఆగమన్నావు, మావాడు ఒక్క పూటలో బిగించాడు. గేర్‌బాక్సు మంచులా ఉంది" అని వినిపించేది. అతను "మంచిదే" అన్నాడు గాని మొహంలో ఏదో అనుమానం కనపడింది. ఓర్వలేనితనం అనుకుంది ఆమె. ఒకసారి తోటికోడలు ఏదో పనిమీద ఫోన్ చేస్తే, అడక్కపోయినా, "మా బండి చల్లగా ఉందక్కా" అని చెప్పింది. అవతల కాసేపు నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దాన్ని ఆమె చాలా రోజులు దాచుకుని, తలుచుకున్నప్పుడల్లా సంతోషపడింది.

మొగుడి ముక్కుకు మాత్రం తిప్పలొచ్చిపడ్డాయి. ఎప్పుడైనా అతను కిటికీలోంచి తల బయటపెట్టి గాలి పీలిస్తే చాలు, ఆమె వేలితో ముల్లును చూపించేది. అతను తల లోపలికి తీసుకునేవాడు. రానురానూ తల బయట పెట్టడమే మానేశాడు.

ఆ రోజు ఎండ మాడ్చేస్తోంది. గిడ్డంగిలో పెట్టెలు ఎక్కిస్తూ ఉండగా, కొండ మీది వ్యాపారి ఇంకొంత సరుకు కూడా ఈ బండికే వెయ్యమని ఫోన్ చేశాడు. మొగుడు టైర్ల వంక చూసి తటపటాయించాడు. ఆమె మీటరు వంక చూసి సరే అంది. మామూలు కంటే ఎత్తుగా పట్టా కప్పి బయల్దేరారు.

ఎక్కుడు మొదలైన కాసేపటికి అతని ముక్కుపుటాలు అదిరాయి.

"మాడు వాసన వస్తోంది" అన్నాడు.

"మీ బుర్ర అయ్యుంటుంది."

"కాదే, ఆయిల్ కాలుతున్న వాసన. అప్పుడు ప్లేట్లు కాలినప్పుడు వచ్చిందే."

ఆమె మీటరు చూసింది. ముల్లు నీలంలో హాయిగా పడుకుని ఉంది. నిజానికి ఆమెకూ ఏదో వాసన తగిలింది. తగలకపోవడమేమిటి, బాగానే తగిలింది. ముందు పోతున్న లారీదని తేల్చేసుకుంది.

కొంచెం పైన రోడ్డు పక్కన వెడల్పుగా, చెట్టు నీడతో ఖాళీ జాగా కనపడింది. అతను బండి వేగం తగ్గించి, అటు తిప్పబోయాడు. "ఓ అరగంట ఆపుతాను. చల్లారనీ."

"చల్లగా ఉన్నదాన్ని ఇంకా ఏం చల్లారుస్తారు?" ఆమె గొంతు లేచింది. "కళ్ళెదురుగా మీటరుంటే వాసనలు చూస్తారా? మావాడు పెట్టింది కదా, అందుకే నమ్మకం లేదు. అదే మీ అన్నగారు పెట్టుంటే కళ్ళకద్దుకునేవారు. ఆపండి, ఆపి కూర్చోండి. సరుకు చీకటిపడ్డాక దింపుదాం. ముక్కుకి వాసనొచ్చిందని చెబుదాం వాళ్ళకి. లోకమంతా మీటర్లు చూసుకుని బతుకుతుంటే నాకు మాత్రం ముక్కు చూసుకుని బతికేవాడు దొరికాడు."

అతను ఆమె వంక చూశాడు. నవ్వలేదు. చెవులు ఎర్రబడ్డాయి. స్టీరింగు మళ్ళీ రోడ్డు మీదికి తిప్పి, యాక్సిలేటరు మీద కాలు నొక్కాడు. చెట్టు నీడ వెనక్కి పోయింది. గెలిచానని ఆమెకు అనిపించింది, కాని ఎప్పటిలా తీపిగా అనిపించలేదు.

ఇంకో రెండు మలుపులు తిరిగారు. మూడో మలుపులో ఇంజను ఉన్నట్టుండి గట్టిగా అరిచింది. అరుపే గాని బండిలో కదలిక లేదు. అతను ఎంత తొక్కితే అంత అరుపు. లారీ ఒక్క క్షణం నిలబడి, మెల్లగా వెనక్కి జారబోయింది. అతను బ్రేకు తొక్కి పట్టుకున్నాడు. "రాళ్ళు పెట్టు" అన్నాడు. ఆమె దూకి, దొరికిన రాళ్ళు వెనక చక్రాల కింద తోసింది. లేచి చూసేసరికి బండి కిందనుంచి తెల్లటి పొగ. ముక్కున్న ప్రతివాడికీ తెలిసే కంపు.

ఆమె పరుగెత్తి క్యాబిన్ ఎక్కి మీటరు చూసింది. ముల్లు నీలంలోనే ఉంది. కింద పొగ, పైన నీలం. ఆ క్షణంలో ఆ ముల్లును విరిచి నమలాలనిపించింది.

తమ్ముడికి ఫోన్ చేసింది. ఆలోగా మొగుడు పక్కకు పోయి, ఎవరితోనో మాట్లాడి వచ్చాడు. ఎవరితోనని ఆమె అడగలేదు. కొండరోడ్డులో నిండు లారీని లాక్కుపోగల బండి ఎవరి దగ్గరుందో ఆమెకు తెలుసు.

తమ్ముడు మోటారుసైకిలు మీద ముందొచ్చాడు. "నా పనిలో లోపం ఉండదక్కా" అంటూనే లారీ కింద దూరి, టార్చి వేసి చూసి, "చూడు, ఒక్క చుక్క కారలేదు" అన్నాడు. ఆమె తాళం తిప్పి ఉంచి క్యాబిన్లో కూర్చుని, మీటరు వైపే చూస్తోంది. మొగుడు వెనక చక్రం దగ్గర ఇంకో రాయి సర్దుతున్నాడు.

కింద తమ్ముడు సెన్సరు కదులుతోందేమోనని స్పానరు వేశాడు. దాని ఒక కొస సెన్సరుకు, రెండో కొస గేర్‌బాక్సు ఒంటికి తగిలినట్టుంది. మీటరులో ముల్లు ఉలిక్కిపడి లేచింది. నీలం దాటి, ఆకుపచ్చ దాటి, ఎరుపులో చివరికంటా పోయి కొట్టుకుంది. వాడు స్పానరు తియ్యగానే మళ్ళీ నీలంలో పడింది.

"ఏం చేశావు?" అంది ఆమె.

"ఏం లేదక్కా, స్పానరు పెట్టానంతే."

"మళ్ళీ పెట్టు."

పెట్టాడు. ముల్లు ఎరుపులోకి లేచింది. తీశాడు. నీలంలోకి వాలింది. బండికి రెండో తీగ ఇనప ఒళ్ళే. ఆ ఒళ్ళు సెన్సరుకు తగలకుండా మధ్యలో టేపు, కరెంటు తిరిగి పోయే దారి లేక ముల్లు నీలంలోనే. చుట్టరా, ఇంకో నాలుగు చుట్లు వెయ్యి. ఆ మాట అన్న గొంతు ఆమెకు ఇప్పుడు పక్కసీట్లో ఎవరో అంటున్నట్టు స్పష్టంగా వినిపించింది. మరీ వికారంగా ఉంది ఆ గొంతు.

కిందికి దిగింది. తమ్ముడు అప్పటికే సెన్సరు విప్పి, ఆయిల్ నానిన తెల్ల టేపు వేళ్ళతో ఊడదీస్తూ, బిత్తరచూపులు చూస్తున్నాడు. మొగుడు ఆ టేపు చూశాడు. ఆమె మొహం చూశాడు. అతనికీ అంతా అర్థమైంది. ఇన్నేళ్ళ దెప్పుళ్ళకూ బదులు చెప్పడానికి అంతకు మించిన అదను దొరకదు. ఆమె తల వంచుకుని, పడబోయే దెబ్బకు సిద్ధపడింది.

"చెయ్యి కాల్చుకునేవు బావా, జాగ్రత్త" అన్నాడు అతను, బావమరిదితో. అంతే.

బావగారు పెద్ద లారీతో వచ్చాడు. దిగుతూనే కొంగలా మెడ సాచి కంపు పీల్చాడు. బండి చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, సెన్సరు విప్పిన రంధ్రంలోంచి కారి కింద మడుగు కట్టిన ఆయిల్లో చెప్పు అంచు ముంచి చూశాడు. నల్లగా ఉంది. అతని మొహంలో ఎంత దాచినా దాగని సంతోషం.

"పోయింది. మొత్తం పోయింది. నీ గది అలాగే ఉందిలేమ్మా" అన్నాడు ముందు ఆమెతోనే. తర్వాత తన తమ్ముడి వైపు తిరిగాడు. "ఏరా, ఇంత కంపు కొడుతోంటే ఆపకుండా ఎలా తొక్కావు? ఊళ్ళన్నీ చెప్పుకునే ఆ ముక్కు ఏమైంది?"

ఆమె మొగుడి నోటి వంక చూసింది. ఒక్క మాట చాలు. ఇదే ఆపనివ్వలేదన్నయ్యా అంటే చాలు. అది అబద్ధం కూడా కాదు. ఆ మాట ఆ ఇంటికి ఆమెకంటే ముందే చేరుతుంది. తోటికోడలు దాన్ని గిన్నెలతోపాటు రోజూ తోమి తళతళలాడిస్తుంది.

అతను ఆమె వైపు చూడలేదు. జారిన రాయిని కాలితో చక్రం కిందికి నెడుతూ అన్నాడు.

"జలుబన్నయ్యా. నాలుగు రోజుల్నించీ ముక్కు మూసుకుపోయింది. ఏ వాసనా తెలీట్లేదు."

"మంచి ముక్కేరా" అని బావగారు పగలబడి నవ్వాడు. ఆయన వెంట వచ్చిన డ్రైవరు కూడా నవ్వాడు. రేపటికి లారీల వాళ్ళందరూ నవ్వుతారు. ముక్కు అన్న పేరు ఇక వేళాకోళానికే పనికొస్తుంది. అతను కూడా వాళ్ళతో కలిసి కాస్త నవ్వాడు.

ఆమె నోరు తెరిచింది. బావగారు నవ్వు ఆపి, తన తమ్ముడి మొహంలోకి ఓసారి పరీక్షగా చూశాడు. అప్పుడు ఆమె బొడ్లో దోపుకున్న చేతిరుమాలు తీసి, మొగుడి చేతిలో పెట్టింది.

"చీదుకోండి" అంది. "నాలుగు రోజుల్నించీ ఇదే వరస."

అతను రుమాలు అందుకుని, పొడిగా ఉన్న ముక్కును అందరికీ వినపడేలా గట్టిగా చీదాడు.